ఆరు ఎయిర్‌బ్యాగులు, ఒక నడుము

ఈ దేశంలో ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి ఒక వేలు, ఒక మీట చాలు. అల్లుణ్ణి ఎన్నుకోవడానికి ఒక సాయంత్రం, రెండు ప్లేట్ల ఉప్మా చాలు. బెంగళూరులో నలుగురున్న కుటుంబం ఒక ఎస్‌యూవీని ఎన్నుకోవాలంటే మాత్రం పదకొండు నెలలు, నూట పన్నెండు వరుసల ఎక్సెల్ షీటు, ఒక సంఘం, అవసరాన్నిబట్టి ఒక ఉపసంఘం కావాలి. ఇలాగని ఏ చట్టంలోనూ రాసి లేదు. అయినా దీన్ని ఉల్లంఘించినవాడు ఆ నగరం తూర్పు చివరి హూడి మొత్తం వెతికినా కనబడడు.

ఈ విషయంలో రాజగోపాల్ ఆదర్శ పౌరుడు. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని విధానాలను మెరుగుపరిచే విభాగానికి అధిపతి. అంటే ఎవరైనా ఒక పనిని ఒక్కరోజులో చేసేస్తే, అలా ఎందుకు జరిగిందో, మళ్ళీ జరగకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలో పదిరోజులు కూర్చుని రాసే ఉద్యోగం. (అందులో ఆయనకు వరుసగా రెండేళ్ళు అవార్డు వచ్చింది.)

ఆయన భార్య వరూధిని జిగణిలో ఒక మాత్రల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేసే అధికారి. ఇల్లున్న హూడి నుంచి జిగణికి రోజూ స్కూటర్ మీద వెళ్ళి వస్తుంది. పోను ముప్ఫై అయిదు కిలోమీటర్లు, రాను ముప్ఫై అయిదు. గుంతల్లోకి దిగి ఎక్కే దూరం ఇందులో కలపలేదు. ఆరేళ్ళు అలా తిరిగాక ఒకనాటి ఉదయం ఆమె మంచం మీదనుంచి లేవబోయి, లేవలేక, పైకప్పు చూస్తూ పడుకుండిపోయింది. ఎముకల డాక్టరు ఫిల్మును లైటుకి పెట్టి చూసి రెండే ముక్కల్లో తేల్చేశాడు.

"స్కూటర్ బంద్. క్లచ్ తొక్కే బండీ బంద్. చిన్నదో పెద్దదో ఒక ఆటోమేటిక్ కారు తీసుకోండమ్మా. లేదంటే వచ్చే ఏడాది ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం."

వరూధినికి పెళ్ళికి ముందునుంచే డ్రైవింగ్ లైసెన్సు ఉంది. డబ్బు ఉంది. ఆసుపత్రి గేటు ఎదురుగానే ఒక కార్ల షోరూము కూడా ఉంది. భార్యంటే ప్రేమ లేని మగాడెవడైనా అయితే ఆ మధ్యాహ్నమే రోడ్డు దాటి ఏదో ఒక కారు కొని పారేసేవాడు. రాజగోపాల్‌కు భార్యంటే ప్రాణం. అందుకని ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఆ వారంలోనే కుటుంబ వాహన ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు, కార్యదర్శి, మినిట్స్ రాసేవాడు రాజగోపాల్. సాంకేతిక విభాగం తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు కిరణ్మయి. సీనియర్ సలహాదారు వరూధిని తండ్రి వెంకటరమణప్ప. యాభై ఏళ్ళ కిందట హిందూపురం వైపునుంచి వచ్చి, బెంగళూరులో లేత్ మిషను నడిపి రిటైరై, ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నాడు. ఇక వరూధినికి సంఘంలో అన్నిటికన్నా గౌరవప్రదమైన స్థానం దక్కింది. ఆమె లబ్ధిదారు.

సమావేశాలు పనిరోజుల్లో సాయంత్రం ఏడింటికి, హాల్లో. లబ్ధిదారు జిగణి నుంచి ఇల్లు చేరేది ఎనిమిదింబావుకి. కాబట్టి మొదటి సమావేశం నుంచీ మినిట్స్‌లో ఒకే వాక్యం కనబడుతుంది: లబ్ధిదారు గైర్హాజరు, కారణం ట్రాఫిక్.

మొదటి రోజే వెంకటరమణప్ప అడిగాడు. "సుమ్నే, ఊరికే ఒక చిన్న కారు తెచ్చిడిస్తే అయిపోతాది కదప్పా. దీనికి మీటింగు ఏంటికి? అమ్మాయి నడుము నొప్పితో ఉండాది."

"అందుకే మామా, తొందరపడకూడదు," అన్నాడు రాజగోపాల్.

దీన్ని మినిట్స్‌లో "సీనియర్ సలహాదారు హర్షం వ్యక్తం చేశారు" అని రాసుకున్నాడు. తర్వాత షీటులో మొదటి వరుసలు నింపాడు. ఒకటి, బడ్జెట్. రెండు, భద్రత, బ్రాకెట్లో ఆరు ఎయిర్‌బ్యాగులు. మూడు, ఆటోమేటిక్ గేరు, బ్రాకెట్లో వరూధిని నడుము. నింపాక కళ్ళు చెమర్చాయి. భార్య నడుముకు ఎక్సెల్‌లో ఒక వరుస, దానికొక రంగు కేటాయించిన భర్తలు ఎంతమంది ఉంటారు?

చిన్న కారు పన్నెండు రోజులు బతికింది. దాన్ని చంపినవాడు శామ్యూల్. రాజగోపాల్ పక్క సీట్లో పనిచేస్తాడు, పోయినేడే ఒక ఎస్‌యూవీ కొన్నాడు, కొన్నప్పటినుంచి మనుషుల్ని కొంచెం వంగి చూస్తున్నాడు.

"చిన్న కారా? సీరియస్‌గా అంటున్నావా బాస్? వానాకాలం రెయిన్‌బో లేఅవుట్ వైపు వెళ్ళావా ఎప్పుడైనా? అక్కడ కారు కాదు, పడవ కావాలి. గ్రౌండ్ క్లియరెన్స్ చూసుకో ఫస్టు, బండి కడుపు నేలకి ఎంత ఎత్తుందో. ఇంకొంచెం వేసుకుంటే ఎస్‌యూవీనే వచ్చేస్తుంది కదా."

ఇక్కడ పాఠకులకు "ఇంకొంచెం" అనే సూత్రం గురించి చెప్పాలి. కార్ల లోకంలో ఏ ధరకైనా పైన మరో ధర ఉంటుంది. ఆ రెండిటి మధ్య దూరాన్ని ఇంకొంచెం అంటారు. ఇంకొంచెం ఎప్పుడూ కొంచెమే. దాన్ని ఎన్నిసార్లు కలిపినా కొంచెంగానే ఉంటుంది, మొత్తం మాత్రం ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది. ఈ సూత్రం కనిపెట్టినవాళ్ళకు బహుమానమేమీ రాలేదు గానీ, ప్రతి షోరూములోనూ ఏసీ వేసిన గది ఒకటి ఇచ్చారు.

అలాంటి ఏసీ గదిలో సంఘానికి అభిజిత్ పరిచయమయ్యాడు. శిఖర అనే ఎస్‌యూవీని అమ్మే కుర్రాడు. నవ్వు కంపెనీది, బూట్లు సొంతం.

"శిఖరలో ఫస్ట్ వేరియంట్ శిఖర సార్. తర్వాత శిఖర ప్లస్. తర్వాత శిఖర ప్లస్ ఆప్షనల్. దాని పైన ప్రీమియం, ప్రీమియం ఆప్షనల్, ఆ పైన సుప్రీమ్. ఆటోమేటిక్ కావాలంటే ప్రీమియం నుంచి స్టార్ట్ అవుతుంది."

"మాకు ఆటోమేటిక్ చాలు. మిగతావి అక్కర్లేదు," అన్నాడు రాజగోపాల్. అప్పటికి అతను ఇంకా మనిషే.

"అలా విడిగా రాదు సార్. ఆటోమేటిక్‌తో సన్‌రూఫ్ వస్తుంది. సన్‌రూఫ్‌తో గాలి తగిలే సీట్లు వస్తాయి. ఆ సీట్లు తీసుకున్నవాళ్ళకి చుట్టూ కెమెరాలు కంపల్సరీ."

"ఆప్షనల్ అన్నారుగా?"

"అవును సార్. ఆప్షనల్ కంపల్సరీ."

రాజగోపాల్ ముఖం వెలిగిపోయింది. తన కంపెనీ రూల్సు తప్ప ఇంత అందమైన ఏర్పాటు ఆయన జీవితంలో చూడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో కొత్త లెక్క చెప్పాడు: వరూధిని నడుముకోసం ఆటోమేటిక్, ఆటోమేటిక్ కోసం సన్‌రూఫ్, కాబట్టి సన్‌రూఫ్ కూడా వరూధిని నడుముకోసమే.

అప్పటినుంచి సభ్యులందరూ ఆ నడుముకోసం ఉత్సాహంగా పనిచేశారు. కిరణ్మయి లోపల అరవైనాలుగు రంగుల్లో వెలిగే లైట్లు కావాలంది. (అమ్మకి ప్రశాంతంగా ఉంటుంది.) మొదట మీటింగే వద్దన్న వెంకటరమణప్ప, షోరూములో ముందు సీటెక్కి కూర్చోగానే మారిపోయాడు. "ఈ ఎత్తున కూకుంటే రోడ్డంతా కనపడతాదప్పా. బస్సులోల్లు గూడా మన దిక్కు చూస్తా పోతారు," అని, దిగమంటే ఇరవై నిమిషాలు దిగలేదు. అటుతర్వాత వెనక సీటుకు సొంతంగా ఏసీ ఉండాలని పట్టుబట్టాడు. రాజగోపాల్ స్వయంగా ఏడు స్పీకర్లకు బదులు పన్నెండు స్పీకర్లను ప్రతిపాదించాడు. షీటు నలభై వరుసలు దాటి, డెబ్భై దాటి, నూట పన్నెండు దగ్గర ఊపిరి పీల్చుకుంది. రంగుమీద ఉపసంఘం మూడు వారాలు కూర్చుంది. తెలుపు మాసిపోతుందనీ, నలుపు మాసినట్టు కనబడుతుందనీ తేల్చి, మాసిన రంగే బాగుంటుందని బూడిద రంగును ఎంపిక చేసింది.

వరూధిని రాత్రి భోజనాల దగ్గర అడిగేది. "ఏమండీ, కారు ఎంతవరకు వచ్చింది?"

"సన్‌రూఫ్ దగ్గర ఉన్నాం."

"నాకు సన్‌రూఫ్ ఎందుకండీ. నడుముకు బెల్టు కట్టుకుని పోతున్నాను రోజూ. నిన్న మీటింగులో కూర్చోలేక నిలబడే రిపోర్టు చదివాను."

"నీకోసమే వరూ ఇదంతా," అనేవాడు రాజగోపాల్, నిజంగా మనస్ఫూర్తిగా. ఆమె కంచాలు తీసేది, ఒక్కొక్కటిగా.

ఏడో నెలలో టెస్ట్ డ్రైవ్ జరిగింది. ఒక శనివారం సాయంత్రం అయిదింటికి సంఘం యావత్తూ శిఖర సుప్రీమ్ ఎక్కి షోరూము గేటు దాటింది. గేటు దాటిన తర్వాత వైట్‌ఫీల్డ్ మెయిన్ రోడ్డులో కలవడానికి పదిహేను నిమిషాలు, కలిశాక కదలడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. గంటకు నూట ఎనభై కిలోమీటర్లు పోగల వాహనం యాభై నిమిషాల్లో ఆరువందల మీటర్లు పోయింది. ఈలోగా పరుగు తప్ప మిగతావన్నీ క్షుణ్ణంగా పరీక్షించారు. సీట్లకు గాలి వచ్చింది. పన్నెండు స్పీకర్లలోంచి పన్నెండు హారన్లు విడివిడిగా వినిపించాయి. వెంకటరమణప్ప వెనక్కి వాలి ఒక కునుకు తీసి, లేచి, "హూడి వచ్చిందా?" అనడిగాడు. బయలుదేరిన షోరూము బోర్డు ఇంకా అద్దంలో కనబడుతూనే ఉంది.

కిరణ్మయి సన్‌రూఫ్ లోంచి తల బయటపెట్టి వార్తలు చెప్పసాగింది. "నాన్నా, ముందు కారు సన్‌రూఫ్‌లో కూడా ఒకమ్మాయి ఉంది. వాళ్ళదీ టెస్ట్ డ్రైవేనంట. వాళ్ళ ముందుది కూడా."

"ఈ రోడ్డుమీద నిజంగా ఎక్కడికైనా పోయేవాళ్ళు ఎంతమంది అభిజిత్?" అన్నాడు రాజగోపాల్.

"సాటర్‌డేస్ తక్కువే సార్."

బండిలో మార్గరక్షక వ్యవస్థ అని ఒకటి ఉంది. రోడ్డుమీద గీతలు చూసి కారును వాటిమధ్య ఉంచుతుంది. అది కాసేపు గీతలకోసం వెతికింది. తర్వాత తెరమీద ఒక చిన్న కాఫీ కప్పు బొమ్మ చూపించి, డ్రైవరును విశ్రాంతి తీసుకోమంది. ఇంకో వ్యవస్థ అడ్డంకులను పసిగడుతుంది. ఎడమవైపు సందులోంచి ఏదో దగ్గరకు వస్తోందని అది కూతపెట్టింది, తెరమీద ఎర్రచుక్క వెలిగింది, "ప్రమాదం" అని ఒక ఆడగొంతు ప్రశాంతంగా చెప్పింది. ఆ ప్రమాదం వచ్చి కిటికీ అద్దం మీద వేలితో తట్టింది. వరూధిని. ఫ్యాక్టరీ శనివారం కూడా పనిచేస్తుంది, కాకపోతే రెండు గంటలు ముందు వదులుతారు.

రాజగోపాల్ అద్దం దించాడు.

"ఇంట్లో పెరుగు ఉందాండీ?" అంది హెల్మెట్ లోంచి.

"లేదనుకుంటా. వరూ, ఒక్క నిమిషం ఎక్కి చూడు. సీటు చూడు ఎలా ఉందో."

ఆమె ఒక కాలు రోడ్డుమీద ఆన్చి, నడుమును నెమ్మదిగా ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచి, లోపలికి చూసింది. ఆ చూపులో కోరిక ఉంది, రాజగోపాల్‌కు అది కనబడింది, గుండె కలుక్కుమంది కూడా. ఇంతలో వెనకవాడు హారను కొట్టాడు. వరూధిని రెండు బస్సుల మధ్యనుంచి దూరి వెళ్ళిపోయింది. ఆమె పెరుగు కొని, ఇల్లు చేరి, అన్నం వండిన తర్వాత సంఘం టెస్ట్ డ్రైవ్ ముగించుకుని నడిచి వచ్చింది.

ఆ ఆదివారమే రాజగోపాల్ తన వృత్తిజీవితంలోనే అత్యుత్తమమైన పని ఒకటి చేశాడు. షీటులో పునరుక్తులు తొలగించాడు. ఒకే అర్థం వచ్చే వరుసలు రెండుంటే మార్కులు రెండుసార్లు పడతాయి, అది అన్యాయం. మూడో వరుసలో, బ్రాకెట్లో, వరూధిని నడుము ఉంది. నలభై ఒకటో వరుసలో సీట్ల సౌకర్యం ఉంది. నడుము ఆనేది సీటుకే కదా. మూడో వరుసను నలభై ఒకటిలో కలిపేశాడు. గాలి తగిలే సీట్లకు అక్కడ పూర్తి మార్కులున్నాయి కాబట్టి షీటు తనంతట తానే ఆ గడిని ఆకుపచ్చగా మార్చి, పక్కన "నెరవేరినది" అని వేసింది. పదకొండు నెలల్లో పూర్తిగా నెరవేరిన అంశం అదొక్కటే. ఆయన దాన్ని చాలాసేపు చూసుకుని సంతోషించాడు.

పదకొండో నెలలో ఒక గురువారం సాయంత్రం ఆరు నలభైకి అభిజిత్ ఫోను చేశాడు.

"సార్, లక్కీ సార్ మీరు. ఆటోమేటిక్‌కి వెయిటింగ్ ఎనిమిది నెలలు చెప్పాను కదా. ఇప్పుడే ఒకరు క్యాన్సిల్ చేశారు. సుప్రీమ్, బూడిద కలరే, రెడీగా ఉంది. ఒక్క చిన్న డిఫరెన్సు. గేరు మనమే వేసుకోవాలి. గంటలో కన్ఫర్మ్ చేస్తే మీదే. వెనకాల ఇంకో నలుగురున్నారు."

రాజగోపాల్ నిబంధనల ప్రకారం షీటు తెరిచి చూశాడు. గేరు అనే వరుస ఎక్కడా లేదు. లేని వరుసలో మార్కులు తగ్గవు. శిఖర సుప్రీమ్‌కు నూటికి తొంభై ఆరు. షీటులో లేని విషయాన్ని పరిగణించే అధికారం సంఘానికి లేదు. అయినా ఏదో మర్చిపోయినట్టు లోపల ఒకటి గీరుతూనే ఉంది. బయలుదేరాక గ్యాసు కట్టేశామో లేదో అన్నట్టు.

"గేరు మనమే వేసేదంటే అమ్మాయికి అయితాదా అప్పా?" అన్నాడు వెంకటరమణప్ప.

"సీటుకు గాలి వస్తుంది మామా."

"ముందర సీటు అట్లే ఎత్తుంటాది కదా?"

"అట్లే ఉంటుంది."

"సరే అయితే. బిడ్డకు మంచిదే గదా," అన్నాడు పెద్దాయన.

కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టారు. మూడు ఓట్లు రెండు నిమిషాల్లో పడ్డాయి. నాలుగో ఓటుకోసం సంఘం ఓపికగా ఎదురుచూసింది. ఆ సమయానికి నాలుగో ఓటు ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవరు కింద, నడుముకు బెల్టుతో, హ్యాండ్‌బ్యాగులో మోగుతున్న ఫోనును తీయలేని స్థితిలో ఉంది. సంఘ నియమావళిలో ఏడో నిబంధన స్పష్టం: గంటలోగా జవాబివ్వని సభ్యులు సమ్మతించినట్టుగా భావించబడును. ఏడు నలభైకి తీర్మానం ఏకగ్రీవమైంది. ఎనిమిదింబావుకి వరూధిని ఇల్లు చేరేసరికి హాల్లో స్వీటు బాక్సు తెరిచి ఉంది.

"కారు వచ్చేసింది వరూ."

ఆమె హెల్మెట్ కూడా తీయకుండా సోఫా చేతిమీద కూలబడింది. "నిజంగానా," అంది. తర్వాత పదకొండు నెలల్లో మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి రాజగోపాల్‌కు తన షీటుమీద కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

శనివారం డెలివరీ. షోరూమువాళ్ళు కారుమీద ఎర్రని పట్టుగుడ్డ కప్పి, ముందు కేకు పెట్టి, మనిషంత అట్ట తాళంచెవి ఒకటి చేతికిచ్చారు. వరూధిని సగం రోజు సెలవు పెట్టి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. సోమవారం నుంచి కార్లో జిగణి వెళ్ళబోతున్నానని ఫ్యాక్టరీలో ముగ్గురికి చెప్పింది, గేటు దగ్గర పార్కింగుకు పేరు కూడా రాయించింది. గుడ్డ తీశారు. చప్పట్లు కొట్టారు. కిరణ్మయి వీడియో తీసింది. వెంకటరమణప్ప ఎవరూ పిలవకముందే ముందు సీటెక్కాడు.

వరూధిని డ్రైవరు తలుపు తీసి, ఎక్కబోతూ కిందకు చూసి ఆగిపోయింది.

"ఇందులో మూడున్నాయి," అంది.

"ఏంటి మేడం?" అన్నాడు అభిజిత్.

"కింద. పెడల్స్. మూడున్నాయి."

"అవును మేడం. మూడూ స్టాండర్డ్‌గానే వస్తాయి."

రాజగోపాల్ వంగి చూశాడు. మూడున్నాయి. ఇందాకటి నుంచి, గురువారం నుంచి, అసలు వరుసలు కలిపిన ఆ ఆదివారం నుంచి లోపల గీరుతున్నదేమిటో అప్పుడు తెలిసింది. షీటులో ఎక్కడా తప్పు లేదని చెప్పాలనుకున్నాడు, కానీ వరూధిని అతనివైపు చూడటం లేదు. ఎడమకాలితో క్లచ్‌ను ఒకే ఒకసారి, చివరిదాకా తొక్కింది. పెదవి కొరుక్కుంది. కాలు తీసేసి, నడుంమీద చెయ్యి పెట్టుకుని, "మీరే నడపండి," అని వెనక్కి వెళ్ళి కూర్చుంది. సీటుకు గాలి బాగానే వచ్చింది.

తిరిగివచ్చే దారిలో అరవైనాలుగు రంగుల లైట్లు వాటంతటవే మారుతూ వచ్చాయి. రాజగోపాల్ రెండు రాత్రులు నిద్రపోలేదు. అభిజిత్‌కు ఫోను చేస్తే, రిజిస్ట్రేషన్ అయిన బండిని కంపెనీ వెనక్కి తీసుకోదనీ, రెండేళ్ళు వాడి ఎక్స్‌చేంజ్‌కి తెస్తే ఇంకొంచెం వేసుకుని కొత్తది తీసుకోవచ్చనీ చెప్పాడు. రాజగోపాల్‌కేమో ఆఫీసు నాలుగు కిలోమీటర్లు, అదీ వారంలో రెండురోజులే. కారు బేస్‌మెంటులో గుడ్డ కప్పుకుని నిలబడి ఉంది. తప్పు చేశాను, దీన్ని ఎలాగైనా సరిదిద్దాలి అనుకున్నాడు. తప్పును సరిదిద్దడానికి అతనికి తెలిసిన దారి ఒకటే.

సోమవారం ఉదయం ఆరుంబావుకి సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఎజెండా ఒకే అంశం, వరూధిని నడుము. ఈసారి చర్చ సాగలేదు. స్కూటరు సీటుమీద వేసుకునే దిండు ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుందని సాంకేతిక విభాగం ఫోనులో చూపించింది. "మెత్తంగా ఉండాది, తెప్పియ్యండప్పా," అన్నాడు సీనియర్ సలహాదారు. రకాలు ఎన్నున్నాయని ఎవరూ అడగలేదు. నాలుగు నిమిషాల్లో తీర్మానం నెగ్గింది, అధ్యక్షుడు మినిట్స్ రాశాడు. లబ్ధిదారు స్వయంగా హాజరైన మొదటి సమావేశం అదే. తీర్మానాన్ని బలపరిచింది కూడా ఆమే. ఏడులోపు దారిలోని వర్తూరు దాటకపోతే ఫ్యాక్టరీకి ఆలస్యమవుతుంది.